నాలుగో బంతి

యాకూబ్ దుకాణం మెట్లు పదిహేడు.
పైన రెండు టేబుళ్లు. ఒకటి జర గోదారి దిక్కు వాలి ఉంటది,
దాని కాలు కింద మడతపెట్టిన అట్టముక్క.
నేను మార్కర్‌ను, ఓదెలును.
పదిహేను బంతులు చట్రంల పేర్చుడు,
నల్లది నడుమ,
బొటనవేళ్లతోని వెనుకనుంచి ఒత్తి
సందు లేకుంట చేసుడు నా పని.
సందుంటే దెబ్బ చస్తది.
ఇది నాకు బాయిలనే తెలుసు:
మందు పెట్టినంక మట్టి గట్టిగ కూరకపోతే
బొగ్గు దగ్గుతది, పగలది.

ఇరవై ఆరేండ్లు షాట్‌ఫైరర్‌గ చేసిన.
మూడుసార్లు సీటీ కొట్టి, అందరిని మలుపు అవతలికి తోలి
అప్పుడు వైరు కలుపుడు.
ఎడమ చెవి అక్కడనే ఇచ్చి వచ్చిన.

కొత్త పోరగాండ్లకు మొదటిరోజే చెప్త:
తెల్లబంతి గీత వెనుకనే. గీత మీద అంటే కుదరది.
ఒక్క కాలన్న నేల మీద ఉండాలె.
బంతి ఎగిరి కిందపడ్డా, తెల్లది గుంతల పడ్డా ఫౌల్,
అవతలోడు చేతిలకు తీసుకుంటడు.
నల్లది బ్రేక్‌లనే పడ్డదా, సంబురపడకు,
మల్ల తీసి సుక్క మీద పెడ్త.
"గిదేం ఆటనే తాతా" అంటరు.
ఇంకొకటుంది.
ఏదన్న ఒక్కటి గుంతల పడాలె, లేకుంటే
నాలుగు బంతులు పోయి అంచు ముట్టాలె.
ముట్టకపోతే ఫౌల్ కాదు. బ్రేక్ కూడ కాదు.
ఈ నడిమి మాటనే ఎవ్వరికి ఎక్కది.

మొన్న బేస్తారం, రొండున్నర గావస్తుంది.
ఫిట్టర్ మొండయ్య కొడుకు అజిత్,
కాంట్రాక్టర్ కాడ లెక్కలు రాసే వేణుమాధవ్.
పందెం ఐదొందలు, ఒక ఫుల్ ట్యాంక్.
అజిత్ కొట్టిండు. ఊపు ఎక్కువ, గురి పక్కకు.
గుంపు సగమే ఇడిసింది.
ఒకటి అంచు ముట్టింది. రెండు. పచ్చది మూడు.
ఆరెంజి రంగు ఐదో నంబరు
నిమ్మలంగ, పింఛనుకు పోయే ముసలోని లెక్క పోయి పోయి
అంచుకు ఇవతల ఆగింది.
ఆగింది. నేను చూసిన.
నడుమ బీడీ ఆకు పట్టేంత వెలుతురు.

అప్పుడే ఓపెన్‌కాస్ట్‌ల పేలింది.
నాకు చప్పుడు సగం చెవిలకెల్లి, సగం కాళ్లల్లకెల్లి వస్తది.
రేకులు గలగలమన్నయ్. చాక్ ముక్క కిందికి దునికింది.
గోడకున్న పగుళ్లకెల్లి ఇంత సున్నం రాలి
బట్ట మీద పడ్డది.
ఐదో నంబరు పిసరంత కదిలి
అంచుకు ఆనింది.

"ముట్టింది తాతా, నాలుగు!"
"ఆగినంక ముట్టింది! అది వీని దెబ్బనా?"
యాకూబ్ గల్లా ఇడిసిపెట్టి వచ్చిండు.
అందరు నా మొఖమే చూస్తున్నరు.

పోయినేడు మా లైన్లకు ఆఫీసర్లు వచ్చిండ్రు,
గోడల పగుళ్లకు టేపు పెట్టి
"పాత ఇండ్లు గదా, వాటంతట అవే" అని రాసుకపోయిండ్రు.
నన్ను అడగలే. అడిగితే చెప్పెటోన్ని,
ఎన్ని రంధ్రాలు, ఎంత మందు, ఏ దిక్కుకెల్లి వణుకు.

"బంతి దానంతట అది కదల్లే," అన్న.
"అజిత్ కదపలే. బాయి కదిపింది."
సున్నం ఊది, ఐదో నంబరును చిటికెనవేలితోని
బీడీ ఆకంత వెనుకకు జరిపిన.
"మూడే. వేణూ, నీ ఇష్టం.
ఉన్నది ఉన్నట్టు ఆడుతవా, మల్ల పేర్చమంటవా?"

"రూలు ఏడుంది, చూపెట్టు," అన్నడు అజిత్.
యాకూబ్ గోడకు అంటిచ్చిన కాయితంల
బాయి ఊసు లేదు.
కాయితం పక్కపొంటే పగులు.
పోరడు రెండిటిని చూసిండు.
వాళ్ల నాయిన రెండో షిఫ్టు, అక్కడనే.
ఏమనలే. కట్టెకు చాక్ రుద్దుకుంట కూసుండు.

వేణు చానాసేపు టేబుల్ చుట్టు తిరిగి
"మల్ల పేర్చు" అన్నడు.

పేర్చిన. నల్లది నడుమ.
బొటనవేళ్లతోని ఒత్తిన.
వేణు గీత వెనుక వంగిండు, కట్టె గుంజిండు.
నేను చట్రం లేపలే.
"జర ఆగుండ్రి," అన్న,
"రెండోది ఇంక పేలలే."